తాతకు సీటిచ్చినవాడు

మా పుట్టింట్లో అయినా అత్తవారింట్లో అయినా ఆడపిల్ల ఒంటరిగా బయటికి వెళ్లదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. రాసిపెట్టినా చదివేవాళ్లు లేరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తాతల కాలం నుంచీ ఈ పాండిచ్చేరిలోనే ఉన్నవాళ్లం కాబట్టి బడిలో నేర్చుకున్నది తమిళం, ఆఫీసులో రాసేది ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు వచ్చింది నా ఒక్కదానికే, అదీ మా అమ్మమ్మ పట్టుదల వల్ల. రాత్రి పాపను నిద్రపుచ్చి వంటింటి గట్టు మీద ఈ నోటుబుక్కు తెరిస్తే, రామకోటి రాసుకుంటున్నాననుకుని మా ఆయన గౌరవంగా పక్కకు తప్పుకుంటాడు. కాబట్టి ఇందులో నేను ఎవరిని ఏమన్నా భయం లేదు.

ఒంటరిగా వెళ్లదు అంటే తోడుతో వెళుతుంది. తోడుకు ఉండాల్సిన అర్హత ఒక్కటే, మగవాడై ఉండాలి. కళ్లు కనపడాలా, కాళ్లు ఆడాలా, మెలకువగా ఉండాలా అని ఎవరూ అడగరు. నేను కాలేజీలో చదివేటప్పుడు నాకు తోడు మా పెద్దనాన్న. సాయంత్రం నాలుగింటికి కాలేజీ వదిలితే ఆయన రెండింటికే వచ్చేసేవాడు. పాండిచ్చేరిలో రెండు గంటలు ఎదురుచూడాల్సిన మగవాడికి నీడకు కొదవలేదు, ప్రతి వీధిలోనూ బ్రాందీ షాపు ఉంటుంది. నాలుగింటికి నేనే వెళ్లి ఆయన్ని వెతికి, ఆయన చెప్పులు వెతికి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేదాన్ని. వీధిలో అందరూ మా అమ్మతో అనేవాళ్లు, "ఏం క్రమశిక్షణమ్మా మీ ఇంట్లో, పిల్ల ఒక్కరోజు కూడా తోడు లేకుండా రాదు" అని.

ఈ కథ నా గురించి కాదు. మా బావ కూతురి గురించి. బావ అంటే మా ఆయన అన్న. ఆయన కుటుంబం, మా మామ, వాళ్ల సొంత ఊళ్లోనే ఉంటారు. మేముండే మూలకుళం నుంచి పడమరకు టౌన్ బస్సులో అరగంట. అక్కడ ఒక వీధి వీధంతా మాలాగే తెలుగు మాట్లాడేవాళ్లు. ఆ వీధి నుంచి నర్సింగ్ సీటు తెచ్చుకున్న మొదటి పిల్ల ఇదే. కాలేజీ గోరిమేడు పెద్దాసుపత్రి పక్కన. పొద్దున ఏడున్నర బస్సుకు ఎక్కి, బస్టాండులో దిగి, ఇంకో బస్సు మారాలి. మొదటి సంవత్సరం వాళ్ల నాన్న బండి మీద దింపేవాడు. రెండో సంవత్సరం ఆయనకు పని వేళలు మారాయి. తోడుకు ఎవరూ దొరకలేదు. "కొన్నాళ్లు" అని ఒంటరిగా పంపారు. ఆ కొన్నాళ్లలోనే జరిగింది.

సాయంత్రాలు తను అప్పుడప్పుడు మూలకుళంలో దిగి మా ఇంటికి వచ్చేది. మా పాపకు సూది వేసే ఆట ఆడించేది. ఒకరోజు పాప చేతికి దూది రుద్దుతూ, తల ఎత్తకుండా అంది.

"చిన్నమ్మా, నీకొక్కదానికే చెప్తా ఉండా. ఇంట్లో చెప్పొద్దు."

ఒకడు. వాళ్ల స్టాపులోనే ఎక్కుతాడు. బస్సు నిండా మనుషులున్నా, ఖాళీగా ఉన్నా వచ్చి ఈ పిల్ల వెనకే నిలబడతాడు. "బ్రేకు వేస్తే అందరూ ముందుకు పడతారు చిన్నమ్మా. వాడు మాత్రం యాపక్క పడినా నా మీదనే పడతాడు." మొదట భుజం తగిలిందనుకుంది. తర్వాత తగిలేది భుజం కాదు. నెల దాటింది.

"మీ నాయినకి చెప్పకూడదా?" అన్నాను.

"చెప్తే బస్సు దిగేది వాడు గాదు. నేను."

పందొమ్మిదేళ్ల పిల్ల అంత ప్రశాంతంగా ఆ మాట చెప్పింది. చెప్పి, పాపకు సూది వేసింది. పాప సరదాగా ఏడ్చింది.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మాట రెండు రోజులు నిలబెట్టుకున్నాను. నాకు మూడేళ్ల కూతురుంది. అది పుట్టినప్పటి నుంచీ పేపర్లో అలాంటి వార్త చూస్తే చదవను, చదవకుండా ఉండలేను. సగం చదివి మడిచి పప్పు డబ్బా కింద పెడతాను. మూడో రోజు సాయంత్రం ఆగలేక మా ఆయనతో గొంతు తగ్గించి చెప్పాను. ఆయన "ఎవురితోనూ అనను" అన్నాడు. మర్నాడు తను పనిచేసే కరెంటాఫీసు వరండాలోకి వెళ్లి గొంతు తగ్గించి వాళ్ల అన్నతో ఫోన్లో చెప్పాడు. బావ గొంతు తగ్గించి వీధి సంఘం పెద్దతో చెప్పాడు. అలా ఆ మాట ఎవరి గొంతూ పెరగకుండా నాలుగు రోజుల్లో ఊరంతా తిరిగింది. ఆదివారం సంఘం కట్టడంలో మీటింగు పెట్టారు. ఆడపిల్లల భద్రత గురించి. ఆడవాళ్లను పిలవలేదు.

మా ఆయనతో పాటు నేనూ వెళ్లాను. బావ ఇల్లు సంఘం కట్టడానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నేను, అక్కా అని నేను పిలిచే మా తోడికోడలు, ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడ్డాం. నేను మాట తప్పానని ఆ పిల్లకు తెలుసు. అయినా పక్కకు జరిగి కిటికీ దగ్గర నాకు చోటిచ్చింది. అదే కష్టంగా ఉంది.

ఒక యువకుడు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నాడు. పాతికేళ్లుంటాయి. భుజం మీది తుండుతో ఒక్కో కుర్చీనీ తుడిచి, పెద్దవాళ్లకు చేతులున్న కుర్చీలు ఎంచి ముందు వరసలో పెట్టాడు. అంత శ్రద్ధ చూసి నాకు ముచ్చటేసింది.

"వాడే చిన్నమ్మా," అంది ఆ పిల్ల.

"ఎవడు?"

"కుర్చీలేస్తా ఉండాడే."

సంఘం పెద్ద వాడికి సొంత పెదనాన్న. చేతులున్న కుర్చీలో ఆయన కూర్చున్నాడు. మీటింగు మొదలైంది. రెండు గంటలు సాగిన ఆ మీటింగులో జరిగిందేమిటో ఒక్కరూ నోటితో అనలేదు. అందరూ "ఆ ఇసయం" అన్నారు.

"ఆ ఇసయానికి కారణం ఫోను," అన్నాడు ఒకాయన. ఆయన చేతిలో ఫోను ఉంది.

"బస్సులో ఏసే పాటలు! పొద్దున్నే ఏం పాటలవి?"

"నేనొకటి చెప్తా. ఇప్పటి పిల్లకాయలు పూటపూటా పరోటా తింటా ఉండారు. మైదా ఒళ్లు వేడి చేస్తాది."

"డ్రైవరుకి చెప్పాల. బ్రేకు అట్ల ఏస్తే ఎవురైనా పడతారు."

మా మామ మూడో వరసలో ఉన్నాడు. మామ బట్టల మిల్లులో మగ్గాల దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మిల్లు ఆయన చెవులు రెండూ తనే ఉంచుకుంది. చెవిలో చెప్పే మాట ఆయనకు చేరదు. మధ్యమధ్యలో పక్కవాడి మోచేయి లాగి "ఏంది? ఏం మాట్లాడతా ఉండారు?" అని అడుగుతున్నాడు. మిల్లు శబ్దానికి అలవాటైన గొంతు కాబట్టి అది కట్టడం దాటి మా కిటికీలోకి వినపడుతోంది. పక్కవాడు "ఏం లేదులే మామా, ఊరి ఇసయం" అని చేతితో సైగ చేస్తున్నాడు.

ఎవరో వెనక నుంచి ఒక్కసారి అడిగారు, "అయితే ఆ చేసినోడు ఎవురు?" అని. సంఘం పెద్ద చెయ్యెత్తాడు.

"బయటూరోడై ఉంటాడు. మన పిలగాళ్లు అట్లాంటోళ్లు గాదు."

ఆ సమయానికి వాడు టీ గ్లాసుల పళ్లెంతో వరసల మధ్య తిరుగుతున్నాడు. ఆ మాటకు వినయంగా తల వంచాడు. తర్వాత తనే అన్నాడు, "నేను దినామూ ఆ బస్సులోనే గదా పోయేది. మన వీధి పిల్లల్ని నేను చూసుకుంటా." ముందు వరసంతా మెచ్చుకుంది. "ఇదిగో, పిలగాడంటే ఇట్ల ఉండాల."

నేను గడప దిగబోయాను. అక్క నా చీర కొంగు పట్టుకుంది.

"యాడికి?"

"చెప్పొస్తా."

"ఏం చెప్తావు? వాళ్ల పెదనాయిన ముందర? రేపట్నుంచి నోళ్లలో నానేది వాడు గాదు, నా బిడ్డ. నువ్వు చెప్పిందే చాలు."

చివరి మాట తగలాల్సిన చోట తగిలింది. ఆగిపోయాను. డిగ్రీ చదివినదాన్ని. కాలేజీలో మహిళా దినోత్సవం రోజు వ్యాసరచనలో రెండో బహుమతి తెచ్చుకున్నదాన్ని. స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. ఇంకా వాడుతున్నాను.

మీటింగు తీర్మానం తేలిగ్గా అయిపోయింది. వీధిలోని ఆడపిల్లలు మగతోడు లేకుండా బస్సెక్కకూడదు. తోడు లేనివాళ్లు ఎక్కనక్కర్లేదు. అలా టౌనులో బట్టల షాపులో పనిచేసే పిల్ల ఒకతె మర్నాటి నుంచే ఇంట్లో కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ చేయలేదు. భద్రత కోసమే ఆమె పని పోయింది.

బావ ఇంటికొచ్చి "ఇంక చాలు. చదివిందేదో చదివింది" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ పిల్ల పెరట్లోకి వెళ్లి యూనిఫాం ఆరేసిన తీగ దగ్గర నిలబడింది. తెల్ల చుడీదారు, తెల్ల కోటు. ఇంకా రెండేళ్ల పైన చదువు మిగిలి ఉంది. అది నా నోటి వల్ల పోయింది.

మామ అప్పుడే లోపలికి వచ్చాడు. ఒక్కొక్కరి ముఖం చూసి "ఏంది?" అన్నాడు. బావ ముఖం తిప్పుకున్నాడు. అక్క ఏమనుకుందో, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"పిల్లకి తోడు గావాలంట! బస్సులో! కాలేజీకి!"

"దానికేంది? నేనుండా గదా."

"నువ్వా నాయినా?" అన్నాడు బావ.

"ఒక్క షిప్టు ఎగ్గొట్టింది లేదు నేను!" అన్నాడు మామ. వీధిలోవాళ్లు తిరిగి చూశారు.

తీర్మానంలో మగతోడు అని మాత్రమే ఉంది. వినపడాలని లేదు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి, రెండో కన్ను వంతు కోసం ఎదురుచూస్తున్నవాడు పనికిరాడని కూడా లేదు. బావకు అభ్యంతరం చెప్పడానికి దారి దొరకలేదు. "నాయిన వచ్చినన్నాళ్లు పోనీ. నాయినకి కుదరని రోజు నుంచి బందు" అన్నాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి మోకాళ్ల మీద ఒక నర్సింగ్ డిగ్రీ నిలబడింది.

సోమవారం నుంచి తోడు మొదలైంది. మామ తెల్లపంచె కట్టి, గొడుగు, నీళ్ల సీసా ఉన్న గుడ్డసంచి పట్టుకుని ఏడింటికే స్టాపులో ఉండేవాడు. బస్సు రాగానే ఆ పిల్ల ముందు ఆయన సంచి అందుకుని, ఆయన్ని మెట్టెక్కించి, తనెక్కి, టిక్కెట్టు తీసేది. ఇక సీటు. ఆ సీటు సంగతి ఆ పిల్ల నాకు ఫోనులో చెప్పినప్పుడు నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

వాడు ముందే ఎక్కి ఒక సీటు పట్టుకుని ఉంటాడు, మామ ఎక్కగానే లేస్తాడు. "రాండి తాతా, కూర్చోండి" అని మోచేయి పట్టుకుని కూర్చోబెడతాడు. కూర్చోబెట్టి తను నిలబడతాడు. ఎక్కడ నిలబడాలో వాడికి తెలుసు. ముందైతే సీటు వదిలి నిలబడటానికి కారణం ఉండేది కాదు. ఇప్పుడు మర్యాదే కారణం.

సాయంత్రం ఇంటికొచ్చి మామ కాళ్లు కడుక్కుంటూ చెప్పేవాడు, వీధంతా వినేలా. "ఆ కుర్చీల పిలగాడు బంగారం! నేనెక్కంగానే లేస్తాడు! ఈ కాలంలో యాడుండారు అట్లాంటోళ్లు?" ఎదురుగా, సంఘం కట్టడం పక్కనున్న తన ఇంటి అరుగు మీద సంఘం పెద్ద మీసం సవరించుకునేవాడు. అక్క పొయ్యి మీద చారు తిప్పుతూ ఉండేది, వెనక్కి తిరగకుండా.

పగలంతా మామ ఆసుపత్రి ఓపీ హాల్లో బెంచీ మీద కూర్చునేవాడు. మొదటి వారం సెక్యూరిటీ ఆయన ఏ డాక్టరు కోసమని అడిగాడు. మామకు వినపడలేదు. వినపడటం లేదు కాబట్టి చెవి డాక్టరు వరసలో కూర్చోబెట్టారు. రక్తపోటు చూశారు, చెవులు చూశారు. మిషన్ పెడితే కాస్త వినపడుతుందని రాసిచ్చారు. మామ ఆ కాగితాన్ని గొడుగులో దాచాడు. మా కుటుంబంలో ఒక మనిషికి అంత క్షుణ్ణంగా వైద్యపరీక్ష జరగడం అదే మొదటిసారి.

"తోడు లేనప్పుడు రెండు కళ్లూ వాడి మీద పెడితే సరిపోయేది చిన్నమ్మా," అంది ఆ పిల్ల ఒక సాయంత్రం. మామ మా ఇంటి బయట పాపతో మాట్లాడుతున్నాడు. "ఇప్పుడు ఒకటి తాత మీద పెట్టాల. దిగేటప్పుడు పడిపోతాడేమోనని."

"తాతకే చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేది? మెల్లగా చెప్తే వినపడదు. వినపడేట్టు చెప్తే బస్సంతా వింటాది."

బయట పాప ఏదో అడుగుతోంది, మామ "ఏంది?" అంటున్నాడు, పాప మళ్లీ అరుస్తోంది. నేను అలవాటుగా లేచి "మెల్లగా మాట్లాడమ్మా" అని గదిమి వచ్చాను.

తర్వాతి నెలలో రెండు రోజులు సెలవు వస్తే మా ఆయన పాపనూ నన్నూ బావ వాళ్ల ఊళ్లో దింపి వెళ్లాడు. తిరిగొచ్చింది సోమవారం పొద్దున ఏడున్నర బస్సులో, వాళ్లతో పాటే. మామ ఎక్కాడు. వాడు లేచాడు. "రాండి తాతా." చంకలో పిల్లతో ఉన్న నా కోసం వాడు లేవలేదు, అదీ గమనించాను. టౌనుకు కట్టడం పనికి వెళ్లే ఆడవాళ్లు నలుగురైదుగురు తలకు తుండ్లు చుట్టుకుని, ఒళ్లో టిఫిన్ సంచులతో కూర్చుని ఉన్నారు. వాళ్లు జరిగి నాకు సీటు అంచు ఇచ్చారు.

బస్సు కదిలింది. మలుపులో బ్రేకు పడింది. అందరం ముందుకు ఊగాం. వాడు పక్కకు ఊగాడు. నేను నా కళ్లతో చూశాను. ఆ పిల్ల భుజాలు చెవుల దాకా లేచాయి.

ఇప్పుడు అనాలి అనుకున్నాను. ఏమనాలో నోట్లో సర్దుకుంటున్నాను. "చూడండి మిస్టర్" అని మొదలుపెట్టాలా, "ఏమయ్యా" అనాలా? తమిళంలోనా, తెలుగులోనా? రెండో బహుమతి వాక్యం కోసం వెతుకుతున్నాను. ఈలోగా ఆ పిల్ల తాత వైపు వంగింది.

"తాతా!"

"ఏందమ్మా?"

"నీకు సీటిచ్చినోడు నా మీద చెయ్యేస్తా ఉండాడు!"

"ఏంది? గట్టిగా చెప్పు!"

ఆ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత ఊపిరి పీల్చుకుంది.

"నీకు దినామూ సీటిస్తాడే, వాడు! నా ఎనక నిలబడి నా మీద చెయ్యేస్తా ఉండాడు! మూడు నెలలుగా!"

డ్రైవరు పాట తగ్గించాడు.

"ఎవుడు?" అన్నాడు మామ మిల్లు గొంతుతో.

"వీడే! కుర్చీలోడు!" వేలు పెట్టి చూపించింది.

మామ మంచి కన్ను వాడి మీద నిలిపాడు. ఆయనకు అర్థమైందని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. అయినా ఆ పిల్ల ఆగలేదు. నాలుగోసారి చెప్పింది, ఈసారి తమిళంలో. అది తాత కోసం కాదు.

"నేనా?" అన్నాడు వాడు చుట్టూ చూస్తూ. "నేను తాతకి సీటిచ్చినా గదా!"

"ఇచ్చినాక ముందరికి పో," అంది తుండు చుట్టుకున్న ఒక పెద్దావిడ, తమిళంలో. "ఆ బిడ్డ ఎనక ఏం పని నీకు? ఇంత బస్సుంటే అదొక్క చోటే దొరికిందా?" ఆమె పక్కనున్నావిడ "నేను చూస్తానే ఉండా, ఈ బస్సులో వీడికి తాతలంటే శానా ప్రేమ" అంది.

మామ లేచాడు. ఎవరినైనా కొడతాడేమోనని, కొట్టబోయి పడతాడేమోనని నేనూ సగం లేచాను. ఆయన వాడి మోచేయి పట్టుకున్నాడు, వాడు రోజూ తనను పట్టుకున్నట్టే.

"కూర్చో."

"తాతా..."

"కూర్చోరా! నీ సీటు నాకొద్దు. స్టాండొచ్చేదాకా లేవగూడదు."

కూర్చోబెట్టాడు. పెద్దావిడ తన టిఫిన్ సంచి తీసి వాడి ఒళ్లో పెట్టింది. ఇంకొకామె పార పెట్టింది. మిగిలినవాళ్లు కూడా తమ బరువులు తలా ఒకటి చేర్చారు. వాడు లేవాలంటే ఇప్పుడు బస్సులో సగం సామాను లేవాలి. కండక్టరు వచ్చి పోలీసు స్టేషను దగ్గర ఆపమంటారా అని అడిగాడు. "పరీక్ష ఉండాది అన్నా. సాయంత్రం మేమే పోతాం," అంది ఆ పిల్ల. బస్టాండు దాకా మామ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, ఆ పిల్ల ఆయన్ని పట్టుకుని నిలబడింది. నేను మూలకుళంలో దిగాల్సింది, దిగడం మర్చిపోయాను.

సాయంత్రం పాపను మా ఆయనకు అప్పగించి, ఆ పిల్లతో, మామతో స్టేషనుకు వెళ్లాను. ఒక మహిళా కానిస్టేబులు రాసుకుంది. రాస్తున్నదేమిటో మామకు వాక్యం వాక్యం గట్టిగా చెప్పాల్సి వచ్చింది కాబట్టి, వేరే కేసు మీద వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కూడా పూర్తిగా తెలిసింది. వాళ్లలో ఒకడు లేచి మామకు సీటివ్వబోయాడు. మామ వాడి వంక చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు.

ఊరికి చేరేసరికి బావ గడపలో నిలబడి ఉన్నాడు. ఆయనకు అప్పటికే నాలుగు నోళ్లు చెప్పాయి. ఎదురు అరుగు ఖాళీ. సంఘం పెద్ద లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కానీ మిగతా వీధంతా బయటే ఉంది, పూలు కట్టేవాళ్లు, బియ్యం ఏరేవాళ్లు. అంతమంది అంత నిశ్శబ్దంగా పని చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పరువు పోయింది," అన్నాడు బావ, పెదవులు కదలకుండా. "రేపట్నుంచి కాలేజీ లేదు."

ఆ పిల్ల చేతిలో పుస్తకాల సంచి అలాగే ఉంది. నేను మళ్లీ వాక్యం వెతుక్కుంటున్నాను.

"ఏంది?" అన్నాడు మామ.

బావ అటూ ఇటూ చూశాడు. "కాలేజీ వద్దంటా ఉండా నాయినా."

"వినపడలా! మిల్లులో మేస్త్రీ చెప్పినట్టు చెప్పరా!"

బావ నోరు తెరిచాడు. గొంతు తగ్గించి చెప్పినప్పుడు అది ఒక తండ్రి తీసుకున్న నిర్ణయంలా ఉంది. మామ చెవికి చేరాలంటే వీధి చివర పంపు దాకా చేరాలి. 'వాడెవడో నా కూతురి మీద చెయ్యేశాడు కాబట్టి నా కూతురి చదువు మానిపిస్తున్నాను.' ఆ మాటను అంత గట్టిగా అనాలంటే మనిషికి వేరే రకం గొంతు కావాలి. బావ చెడ్డవాడు కాదు. తెరిచిన నోరు కాసేపు అలాగే ఉంచి, మూశాడు.

"ఏం లేదులే నాయినా."

"ఏం లేకుంటే సరి," అన్నాడు మామ. చెప్పులు విడిచి, రెండూ జతగా గడప పక్కన పెట్టాడు. "రేపు ఆరింటికి లేపండి. బస్సు ఏడున్నరకి."

అక్క లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి మామ కాళ్లకు తనే పోసింది.

ఇది జరిగి నాలుగు నెలలు. ఆ పిల్ల పరీక్షలు రాసింది. స్టేషనులో కాగితం కదులుతోందని అంటున్నారు, ఎటు కదులుతోందో ఇంకా తెలియదు. బట్టల షాపు పిల్ల ఇంట్లోనే ఉంది, ఆమెకు తాత లేడు. సంఘం ఆడపిల్లల భద్రత గురించి ఇంకో మీటింగు పెట్టలేదు. కుర్చీలు వేసేవాళ్లు దొరకలేదేమో.

వాడు ఇప్పుడు ఆరున్నర బస్సుకు వెళుతున్నాడట. ఆరున్నర బస్సులో ఎవరెక్కుతారో, ఏ ఊరి పిల్లలో నాకు తెలియదు. ఆ పిల్లతో అంటే, తను అప్పటికే కనుక్కుంది. పక్క ఊరి నుంచి పదకొండో తరగతికి వెళ్లే ఇద్దరున్నారట. "మాట్లాడినా చిన్నమ్మా. తాత కూడా వారంలో రెండు దినాలు ఆ బస్సుకే వస్తానన్నాడు. పొద్దుటి షిప్టు ఆయనకి అలవాటేనంట." చెవి మిషను తెచ్చుకుందాం, ఆసుపత్రిలో రాసిచ్చారు కదా అని అడిగితే మామ ఒప్పుకోవడం లేదు. "అదెందుకు? ఇప్పుడు అందురూ నాకు బాగనే చెప్తా ఉండారు" అంటున్నాడు.

ఈ ఆదివారం మామ మా ఇంటికొచ్చాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాప ఆయన మోకాళ్ల మధ్య నిలబడి, పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, వీధి మలుపులో కూరగాయల బండివాడు కూడా వినేలా అరుస్తోంది.

"తాతా! ఆ పక్కింటి మామ నా బుగ్గ గిల్లినాడు! నాకు నొచ్చింది!"

"ఏంది?"

"బుగ్గ! గిల్లినాడు! వద్దని చెప్పినా గిల్లినాడు!"

పక్కింటాయన మంచి మనిషి, పిల్లలంటే ముద్దు. ఇప్పుడు వరండాలో పేపరు పట్టుకుని కూర్చుని ఉంటాడు. తలుపు వేసి పాపను లోపలికి పిలుద్దామని లేచాను. నాలుగడుగులు వేశాను.

"ఇంకా గట్టిగా!" అన్నాడు మామ.

తిరిగొచ్చి కూర్చున్నాను.